వదిన గదిలో ఇరవై ఆరు డిగ్రీలు

మా ఇంట్లో ఉన్నది ఒకటే ఏసీ. అది మా వదిన కోసం కొన్నాం. దాని రిమోట్ మాత్రం రెండు నెలలపాటు నా బొడ్లో ఉంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివర్లో తెలిసి ఎవరైనా నన్ను తిట్టుకోవడం కంటే, మొదట్లోనే తిట్టేసుకుంటే నా ప్రాణానికి కాస్త సుఖం.

వదిన అంటే మావారి అక్కగారు. పెళ్ళి చేసుకోలేదు. కోటబొమ్మాళి దగ్గర బళ్ళో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చేసింది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా వదిన ముప్పావు మొగుడు. పప్పులో ఉప్పు దగ్గర్నుంచి నా జాకెట్టు కుట్టు దాకా అన్నిటికీ మార్కులు వేసేది. వచ్చేటప్పుడు రెండు ట్రంకు పెట్టెలు, ఒక పూలకుండీ తెచ్చుకుంది. బడిలో సన్మానం చేస్తామంటే, నాకున్నవి రెండే భుజాలు, ఎన్ని శాలువాలని కప్పుకుంటాను అందట. అందుకని మొక్క ఇచ్చారు. పీస్ లిల్లీ అని ముద్దుగా ఇంగ్లీషు పేరు. ముదురాకుపచ్చ ఆకులు. పువ్వంటే రేకులేమీ ఉండవు. ఒకటే తెల్లటి ఆకు దోసిలిలా ముడుచుకుని, మధ్యలో చిన్న కంకి. దీనికేం సోకని నేను మొదటిరోజే వెక్కిరించాను. ఆవిడ పట్టించుకోలేదు.

ఏడాది తిరక్కుండా జబ్బు పడింది. విశాఖపట్నంలో వైద్యం చేయించి తీసుకొచ్చాక ఒళ్ళంతా మంటలు, ముఖ్యంగా అరికాళ్ళు. చల్లగా ఉంచండి, అంతకంటే చెయ్యగలిగింది లేదు అన్నారు డాక్టరుగారు. మావారు మర్నాడే ఏసీ తెచ్చి వెనకగదిలో బిగించారు. ఆ గదికి పెరటి వరండాలోకి ఒక కిటికీ. కిటికీ గట్టు మీద లోపలివైపు మొక్క, పక్కన ఆవిడ కళ్ళజోడు. దానికి ఎదురుగా మంచం. మంచానికీ కిటికీకీ మధ్య నేల మీద నా చాప. మనిషి దగ్గర మనిషి ఉండాలి కదా, ఆ మనిషిని నేను.

ఏసీ గాలి సరిగ్గా ఆ చాప మీదికే వచ్చేది. నాకు చలి పడదు. ఈ ఊరి చలికాలం ఏపాటిదో అందరికీ తెలుసు, ఆ కాస్తకే చెవులకు గుడ్డ కట్టుకునే మనిషిని నేను. వదినకి ఇరవై మీద ఉంటే హాయి. ఇరవై మీద నాకు తెల్లారేసరికి మోకాళ్ళు బిగుసుకుపోయేవి. చలేస్తోంది అని చెప్పుకోవచ్చు. కానీ ఒళ్ళు కాలిపోతోందని ఏడుస్తున్న మనిషి ముందు, నాకు చలేస్తోందమ్మా అని ఎలా నోరు విప్పను? సిగ్గేసింది. ఆ సిగ్గు అక్కడితో ఆగినా బాగుండేది.

మొదటివారంలోనే మొక్కకి ఒక ఆకు కొస నల్లబడింది. వదిన కంగారు పడితే, వీధిలో బండి మీద మొక్కలమ్మే అతన్ని పిలిచి చూపించాను. అతను ఆకు తిప్పి చూసి, ఇది వేడి దేశపు అడవిలో పెరిగే మొక్క, చల్లగాలి సూటిగా తగలనివ్వకండి, మనిషికి సుఖంగా ఉంటే దానికీ సుఖమే అని చెప్పి వెళ్ళిపోయాడు. అంతే. ఇన్ని డిగ్రీలు అని అతను చెప్పలేదు. ఆ అంకె నేను కలిపాను. గదిలోకి వెళ్ళి, ఇరవై ఆరుకి తగ్గితే మొక్క చచ్చిపోతుందట వదినా అన్నాను.

ఆవిడ మొక్క వైపు చాలాసేపు చూసింది. "అలాగైతే ఇరవయ్యారే ఎట్టు. పాపం, అదేటి సేసింది," అంది.

రిమోట్ తీసి బొడ్లో దోపుకున్నాను. మందుల మత్తులో ఆవిడే తగ్గించేసుకుంటుందేమోనని, తాళాల గుత్తి దోపుకున్నట్టు దోపుకున్నాను.

రెండు నెలలు అలా గడిచాయి. ఆవిడ అరికాళ్ళకి తడిగుడ్డ చుట్టుకుని పడుకునేది. ఎప్పుడైనా మరీ తట్టుకోలేనప్పుడు, కాసింత తగ్గించవే అనేది. నేను "మొక్క" అనేదాన్ని. ఆ ఒక్కమాట చాలు. తల కిటికీ వైపు తిప్పుకుని ఊరుకునేది. మొక్కని తీసి హాల్లో పెడితే తీరిపోయేది కదా అని మీకు తట్టే ఉంటుంది. నాకూ తట్టింది. తట్టి నోరు మూసుకున్నాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి ఇంత చిన్న లెక్క ఎందుకు తట్టలేదో అని మాత్రం అప్పట్లో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ రెండు నెలలూ నేను హాయిగా నిద్రపోయాను.

ఉగాది వెళ్ళిన పాతిక రోజులకి, పొద్దున్న గంజి తాగిస్తుండగా నా చేతిలోనే పోయింది. చివరిమాటలేమీ లేవు. గంజి చప్పగా ఉందని మొహం చిట్లించింది, అదే ఆఖరు.

పంతులుగారు పంచాంగం తిప్పి, ధనిష్ఠా పంచకంలో పోయింది అన్నారు. మా వైపు ఆ మాట వింటే పెద్దవాళ్ళ మొహాలు వాడిపోతాయి. ఆ గది మూడు నెలలు మూసెయ్యాలి. మనిషి లోపలికి వెళ్ళకూడదు, అందులోని వస్తువు బయటికి రాకూడదు. ఆవిడని గడప దాటించగానే బంధువుల్లో పెద్దావిడ నేల కడిగించి, తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టి, పసుపుతాడు చుట్టి, రేగుకొమ్మ ఒకటి అడ్డంగా కట్టింది. నేను ఆ సమయానికి వీధిలో ఏడుస్తున్నాను. మొక్క గురించి నాకే కాదు, ఎవరికీ గుర్తు లేదు.

స్నానానికి వెళ్ళి చీర విప్పితే రిమోట్ కింద పడింది.

బయటికి రాకూడని వస్తువు బయటికి వచ్చేసింది, అదీ నా ఒంటిని పట్టుకుని. చెబితే మళ్ళీ ఏ శాంతి చేయిస్తారో, అసలు ఏసీ రిమోట్ నీ బొడ్లో ఎందుకుందమ్మా అని ఎవరైనా అడుగుతారో అని భయపడ్డాను. తీసుకెళ్ళి పెరటి వరండాలో బట్టల క్లిప్పులు వేసే డబ్బా అడుగున పడేశాను.

పన్నెండో రోజు గడిచి, చుట్టాలు సర్దుకుని వెళ్ళిపోయాక, బట్టలు ఆరేస్తూ ఆ కిటికీలోంచి చూశాను. గాజుతలుపులు లోపల్నుంచి గడియ వేసి ఉన్నాయి. మొక్క ఆకులన్నీ కుండీ అంచుల మీదుగా కిందికి వాలిపోయాయి. పక్కన కళ్ళజోడు నావైపే తిరిగి ఉంది. మంచం కోడు మీద ఆవిడ అరికాళ్ళకి చుట్టుకునే తువ్వాలు. గోడ మీద స్టెబిలైజరు ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, ఆ హడావుడిలో ఎవరూ ఆపలేదు. ఏసీ మాత్రం ఆగే ఉంది. ఎండాకాలం, మూసిన గది. లోపల ఎంత ఉడికిపోతోందో.

అది చచ్చిపోతే ఆవిడ పడ్డ మంటలన్నీ వృథా. అప్పుడు నాకు తోచింది అదొక్కటే. డబ్బా అడుగు నుంచి రిమోట్ తీసి గాజుకి ఆనించి నొక్కాను. లోపల ఏసీ పలికింది. రెక్క నెమ్మదిగా తెరుచుకుంది. ఇరవై ఆరు. గాలికి మంచం మీది తువ్వాలు కదిలింది. ఆ చప్పుడు అంతకుముందు నేను విన్నప్పుడు ఆవిడ బతికి ఉంది. అయినా రిమోట్ వదల్లేదు.

నీళ్ళ సంగతి ఎలా? మనిషి వెళ్ళకూడదు, వస్తువు రాకూడదు అన్నారు గానీ, నీళ్ళు వెళ్ళకూడదని పంతులుగారు అనలేదు. కిటికీ చట్రంలో ఎప్పుడో కేబుల్ వైరు కోసం తొలిచిన కన్నం ఒకటుంది. ఆవిడకి సెలైను ఎక్కించిన గొట్టాల్లో వాడనిది ఒకటి హాలు బీరువాలో మిగిలింది. కొత్త చీపురుపుల్ల కట్టి ఆ గొట్టాన్ని కన్నంలోంచి మెల్లగా తోసి తోసి, కుండీలోకి దించేసరికి మెడ పట్టేసింది. సీసా బట్టల తాడు కొక్కేనికి తగిలించి, నర్సు నాకు నేర్పినట్టే చక్రం తిప్పి చుక్కచుక్కగా వదిలాను. ఆవిడకి పెట్టినట్టే.

సాయంత్రానికి ఆకులు లేచి నిలబడ్డాయి. అక్కడే వరండాలో కూలబడి ఏడ్చాను. పన్నెండు రోజులు వచ్చినవాళ్ళ కోసం ఏడ్చాను, ఆవిడ కోసం ఏడ్చింది ఆ సాయంత్రమే.

ఆ తర్వాత రోజూ అదే పని. పొద్దున్న పది గంటలకి నీళ్ళసీసా నింపడం, ఏసీ ఇరవై ఆరు పెట్టడం, చీకటి పడేముందు ఆపడం. మావారితో చెప్పలేదు. అప్పా అని పిలుచుకునే అక్క పోయాక ఆయన మాటలు బాగా తగ్గించేశారు. బట్టల కొట్టు నుంచి మధ్యాహ్నం వచ్చి, భోంచేసి, కాసేపు పడుకుని నాలుగింటికి వెళ్ళిపోయేవారు. నేనూ ఆ వేళకి ముందుగదిలో నడుం వాల్చేదాన్ని.

ముందు బెదిరింది అంట్లు తోమే మనిషి. ఒకరోజు కరెంటు పోయి వచ్చినప్పుడు ఏసీ దానంతటదే పలికి తిరగడం మొదలెట్టింది. చేతిలో గిన్నె వదిలేసి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఆ గదిలో ఏసీ ఆడతన్నాది. పెద్దమ్మగారు ఇంకా ఎల్నేదమ్మా," అంది. కరెంటు వస్తే అలాగే మొదలవుతుందే పిచ్చిదానా అని కసిరాను. అది నమ్మలేదు. వారం తిరక్కుండా పని మానేసింది. దాన్ని అన్నానే గానీ, ఆ సాయంత్రం అంట్లు తోముకుంటూ నేనూ ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చోలేకపోయాను.

తర్వాత నా వంతు వచ్చింది. నాలుగింటికి టీ పెట్టడానికి లేచి వరండాలోకి వెళితే, గాజు అవతల ఏసీ మీద అంకె ఇరవై. పొద్దున్న తప్పు నొక్కానేమో అనుకుని మళ్ళీ ఇరవై ఆరు చేశాను. మర్నాడు ఇరవై. ఆ మర్నాడూ ఇరవై. ఆవిడ అడిగే అంకె. బతికున్నన్నాళ్ళూ కాసింత తగ్గించవే, కాసింత తగ్గించవే అని అడిగి అడిగి, ఇక నన్ను అడగడం మానేసి తానే తగ్గించుకుంటున్నట్టు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను. ఎవరూ ఏమీ అనకుండానే తడుముకున్నాను. రిమోట్ మళ్ళీ బొడ్లో దోపుకుని పడుకుంటే ఒక్కరోజులో తేలిపోయేది. దోపుకోలేదు. ఆ వస్తువుని మళ్ళీ నా ఒంటికి తగలనివ్వడానికి భయం. అది నా దగ్గరుండగా కూడా అంకె మారితే ఏం చెయ్యాలో అని ఇంకా పెద్ద భయం.

ఎండలు ముదిరి గాలిలో ఉక్క పెరిగింది. లోపల చల్లదనానికి గాజు బయటివైపు చెమర్చేది. పైటకొంగుతో తుడిస్తే గానీ మొక్క కనబడేది కాదు. ఒకరోజు నాలుగింటికి వెళ్ళేసరికి, ఆ చెమ్మ మీద గుండ్రంగా ఒక మచ్చ ఉంది. ఎవరో నుదురు ఆనించి నిలబడినట్టు. అది నా తల కంటే జానెడు పైన ఉంది. మా వదిన నాకంటే సరిగ్గా జానెడు పొడుగు.

ఆ గాజు ముందు నిలబడి, "మొక్క చచ్చిపోతుంది వదినా," అన్నాను. అనేశాక నా గొంతు నాకే అసహ్యం వేసింది. పోయిన మనిషితో కూడా అదే అబద్ధం.

ఆ రోజు అంకె మార్చలేదు. మర్నాడు పొద్దున్న కూడా ఇరవై మీదే పెట్టాను. ఎందుకో చెబుతాను, చెప్పకూడదు గానీ. ఇరవై డిగ్రీల చలికి ఆ మొక్క చచ్చిపోవాలని కోరుకున్నాను. అది చస్తే నేను చెప్పింది నిజమవుతుంది. నేను మొక్క కోసమే అన్నానని, ఆవిడ మొక్క కోసమే ఓర్చుకుందని, అందులో మోసం లేదని ఆ నల్లబడిన ఆకులే సాక్ష్యం చెబుతాయి. నీళ్ళు మాత్రం ఆపలేదు. నీళ్ళు ఆపి చంపితే అది దొంగసాక్ష్యం. రోజూ గాజు తుడిచి, ఒక్క ఆకైనా నల్లబడిందా అని వెతికేదాన్ని. కొడుకు జ్వరం తగ్గిందా అని చూసే తల్లిలా కాదు, పెరిగిందా అని చూసే మారుతల్లిలా చూశాను.

ఒక మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. పెరటివైపు నుంచి ఏసీ పలికిన చప్పుడు వినబడింది. కరెంటు పోలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. గోడ పట్టుకుని నడిచాను. 

కిటికీ దగ్గర మావారు ఉన్నారు. చేతిలో రిమోట్. నుదురు గాజుకి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. అక్కాతమ్ముళ్ళది ఒకే పొడుగు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఆ సంగతి గుర్తుకు రాకపోవడం చూడండి.

నన్ను చూసి ఆయన ఉలిక్కిపడలేదు. క్లిప్పుల డబ్బాలో రిమోట్ చూసిన నాటి నుంచి రోజూ వస్తున్నానని చెప్పారు. వచ్చి చూస్తే ఇరవై ఆరు ఉంటోందట, అక్కకి ఇష్టమని ఇరవై చేసి వెళ్తున్నారట. ఈ మధ్య వచ్చేసరికే ఇరవై ఉంటోందట, అయినా ఒకసారి ఆపి మళ్ళీ వేస్తున్నారట. ఆ పలుకు వినడం కోసం.

నేను మొక్క అన్నాను. మొక్కకి ఇరవై ఆరు ఉండాలని అప్పట్లో అన్నాను కదండీ అని, ఇంకా ఏదో అనబోయాను.

"మొక్కకి కాదే, నీకు," అన్నారు ఆయన. కోపం లేదు ఆ గొంతులో. "అప్పకి తెలుసు. 'పిల్లకి సలేస్తన్నాది. నోరిప్పి సెప్పుకోనేక మొక్క మీదెట్టి సెప్తన్నాది, నువ్వేటీ అనకు' అని నాతో అన్నాది. మొక్కని హాల్లో ఎట్టేస్తానంటే ఒప్పుకోనేదు. 'అది తీసేస్తే దానికింకో సాకు దొరకదురా' అన్నాది."

నేను అక్కడే వరండా గట్టు మీద కూర్చుండిపోయాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు మాటలు అని ఉంటే నేను ఎనిమిది అనేదాన్ని, ఏడ్చేదాన్ని, అన్నం మానేసేదాన్ని, అంతటితో అయిపోయేది. ఆయన రిమోట్ డబ్బాలో పెట్టి కొట్టుకి వెళ్ళిపోయారు. లెక్కల టీచరుకి చిన్న లెక్క తట్టలేదనుకున్నాను. అరికాళ్ళు కాలిపోతుంటే తడిగుడ్డ చుట్టుకుని, కిటికీ వైపు తల తిప్పుకున్న మనిషి చూసింది మొక్కని కాదు. దాని కింద చాప మీద హాయిగా నిద్రపోతున్న నన్ను.

పోయినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు. నేను ఆవిడని ఇప్పుడు దేవతని చెయ్యడం లేదు. పప్పులో ఉప్పెక్కువైందని వారం రోజులు సాధించిన మనిషే ఆవిడ. ఆ మనిషే ఈ సంగతి మాత్రం నన్ను ఒక్క మాట అనకుండా పట్టుకుపోయింది. అదే నా వెంట పడుతోంది. ఏసీలో కూర్చున్న దయ్యం ఏదీ లేదు. ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని.

మూడు నెలలు నిండాయి. మొదటి వానలు పడ్డాక పంతులుగారు వచ్చి మంత్రం చదివి, రేగుకొమ్మ తీయించి, తాడు తెంపారు. తలుపు తెరవగానే చల్లగాలి నా పాదాల మీదికి వచ్చింది. అందరికంటే ముందు నేను మొక్క దగ్గరికి వెళ్ళాను. ఆకు ఆకూ ఎత్తి, అడుగున కూడా చూశాను. పాత నల్లకొస తప్ప ఇంకొక మచ్చ లేదు. రెండు కొత్త ఆకులు వచ్చాయి. మధ్యలోంచి పొడుగ్గా ఒక కాడ లేచి, తెల్లటి పువ్వు వెలుతురున్న వైపుకి, అంటే నేను రోజూ నిలబడిన కిటికీ వైపుకి తిరిగి విచ్చుకుంది. ఇరవై డిగ్రీల్లో దానికేమీ కాలేదు. ఎప్పుడూ కాదు కూడా. కళ్ళజోడు తీసి బయటికి తెస్తే వరండా ఉక్కకి అద్దాలు తెల్లగా చెమర్చాయి. కొంగుతో తుడిచాను, మళ్ళీ చెమర్చాయి.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఆ గదిలోనే పడుకుంటున్నాను. మంచం మీద కాదు, ఆ చాప మీదే. ఏసీ ఇరవై పెట్టి, దుప్పటి లేకుండా. అరగంటకే మోకాళ్ళు బిగుసుకుంటాయి. పువ్వు వాడిపోయింది, ఇంకోటి వచ్చింది.

మొన్న మావారు కొట్టుకి వెళుతూ గుమ్మంలో ఆగారు. "ఏటే, సలి నేదేటి?" అన్నారు.

"మొక్కకి ఇరవై ఉండాలండీ," అన్నాను.

ఆయన కాసేపు మొక్కని చూశారు, నన్ను చూశారు. ఏమీ అనకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. ఎంతైనా ఆవిడ తమ్ముడు.